ఆరున్నొకటి

నాచారంలో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో లెక్క చూసే బుచ్చిరాములు పనిచోట ఎన్నడూ 'ఏడు' అనలేదు. వాళ్లమ్మ కల్లాల్లో వడ్లు కొలిచేది. ఏడో కుంచం వస్తే 'ఆరున్నొకటి' అనేది. పని దగ్గర ఏడుపు మాట ఎత్తొద్దని కొడుక్కీ నేర్పింది. ఇన్నాళ్లూ ఇబ్బంది లేదు. లెక్క తనే పుస్తకంలో రాసుకునేవాడు.

2007 మార్చి ఆఖరున కంప్యూటర్ వచ్చింది. ఏడాది మూతల లెక్కను ఆయన మీటరులో చూసి ఒక్కో అంకే చదివితే, కొత్తగా చేరిన ఉమ కొట్టింది. తర్వాత మీటరు సున్నా చేశారు.

మర్నాడు మేనేజరు పరంధామయ్య పిలిచి అరిచాడు.

"నాలుగు కోట్ల ఇరవయ్యారు లక్షల మూతలట! గోదాము లెక్కల పదో వంతే ఉన్నయ్. మిగిలినయ్ అమ్ముకున్నవా?"

"లెక్క తప్పలే సార్. మీటరు అంకెలన్ని కూడి ఒక్క అంకె జేసిన, ఎనిమిదొచ్చింది. కంప్యూటర్ల సూడున్రి, గదే వస్తది."

పరంధామయ్య కాగితం మీద 4,26,15,836 అంకెలు కూడాడు. ముప్పై ఐదు. మూడూ ఐదూ ఎనిమిది. ఆయనకు ఇంకా మండింది.

"ఎనిమిదిని నేనేం జేసుకోను? సాయంత్రానికి తేల్చు. లేకుంటే రేపటికెళ్లి రాకు."

బుచ్చిరాములు నాలుగుసార్లు కూడాడు. నాలుగుసార్లూ ఎనిమిదే. దిక్కుమాలిన అంకె, తప్పు ఎక్కడుందో చెప్పదు, ఒప్పుకున్నట్టు కూర్చుంటుంది!

"మామా, ఇయ్యాల్టి మీటరు జర చదువు," అంది ఉమ.

"ఇప్పుడదొకటా? మూడు, ఆరున్నొకటి, తొమ్మిది, నాలుగు."

ఉమ లేచొచ్చి మీటరు చూసింది. "ఈడ నాలుగంకెలే ఉన్నయ్. నేను ఐదంకెలు కొట్టిన. ఆరు కొట్టి ఒకటి కొట్టిన. నిన్న గూడ గంతే జేసిన మామా!"

బుచ్చిరాములు నెత్తి కొట్టుకున్నాడు. ఆరూ ఒకటీ కలిపితే ఏడే కదా, కూడిక ఎట్లా మారుతుంది? నిన్నటి లెక్కలో ఆ రెంటినీ తీసి ఏడు పెడితే 42,75,836 అయింది. గోదాము లెక్కతో సరిపోయింది.

పరంధామయ్య మీటరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇగ నా ముంగట చదువు."

"మూడు..." ఆగిపోయాడు.

"ఏడు అనవయ్యా! నోరు పడిపోతదా?"

"సెవెన్," అన్నాడు బుచ్చిరాములు కసిగా.

ఉమ ఒక్క మీటే నొక్కింది.

"గట్లనే ఏడువు," అన్నాడు పరంధామయ్య. "రేపు టైముకు రా."