చేపల కోసం బెల్లు కొట్టే గెర్బెన్ బాబాయి

మా గెర్బెన్ బాబాయి జీవితమంతా పాల లారీ నడిపాడు. తెల్లవారకముందే మా ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు పల్లెల్లో పశువుల కొట్టాలన్నీ తిరిగి, పాలు ఎత్తుకొచ్చి ఫ్యాక్టరీలో పోసేవాడు. మోకాలు అరిగిపోయాక ఇంట్లో కూర్చున్నాడు. కొన్నాళ్ళు కంచెకి రంగు వేశాడు. ఆ రంగు ఆరకముందే మళ్ళీ వేశాడు. ఇంక వెయ్యడానికి కంచె మిగలదేమో అనుకుంటున్న సమయంలో, మా ఊరి కాలవ లాకుల దగ్గర నీళ్ళ కింద ఒక కెమెరా పెట్టారు.

వసంతంలో చేపలు గుడ్లు పెట్టడానికి లోపలి కాలవల్లోకి వెళ్ళాలి. అప్పటికింకా పడవలు తిరగవు కాబట్టి లాకుల తలుపులు మూసే ఉంటాయి. పాపం చేపలు వచ్చి తలుపు ముందు నిలబడిపోతాయి. అందుకని ఆ కెమెరాలో కనిపించేదంతా ఇంటర్నెట్‌లో చూపిస్తూ, పక్కనే ఒక బెల్లు బొమ్మ పెట్టారు. చేప కనిపిస్తే చూసినవాళ్ళు ఆ బెల్లు నొక్కాలి. లాకుల మనిషి హెస్సెల్ సైకిలెక్కి వచ్చి తలుపు తీస్తాడు. దీని మీద మా మునిసిపాలిటీలో పెద్ద మీటింగే జరిగింది. ఒక్కడు కూడా నవ్వలేదు.

బాబాయి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నూటికి తొంభై వంతులు ఆకుపచ్చ నీళ్ళే కనిపిస్తాయి. అప్పుడప్పుడూ ఒక ఆకు వస్తుంది. ఆకు వచ్చినా ఊపిరి బిగబట్టేవాడు. నేను కాలేజీ మధ్యలో వదిలేసి వాళ్ళ అటక గదిలో ఉంటున్న రోజులవి. ఖాళీగా తెర ముందు కూర్చోవడంలో నాకూ కొంత అనుభవం ఉంది. కానీ బాబాయి ముందు నేను ఎందుకూ పనికిరాను.

అసలు సమస్య ఏమిటంటే, ఇంటి బెల్లు మోగితే మాత్రం కదలడు. పోస్టుమాన్ కొట్టి కొట్టి, పార్సిళ్ళు పక్కింటి ఆఫ్కే మామ్మకి ఇచ్చిపోయేవాడు. "చేప వస్తే ఊరంతా లేపుతాడు, మనిషి వస్తే తలుపు తియ్యడు. ఇంతకీ మీ బాబాయిది ఏ జాతిరా?" అని ఆవిడ నన్ను అడిగేది.

ఒకరోజు రెన్స్కే పిన్ని తాళంచెవి మర్చిపోయింది. ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం ఆవిడది. మా దేశంలో పిల్లలు బట్టలతో, బూట్లతో ఈది చూపిస్తే గానీ సర్టిఫికెట్ ఇవ్వరు. కాలవలో పడేవాడు బట్టలు విప్పుకుని పడడు కదా. అలా రోజంతా నీళ్ళలో నాని వచ్చిన మనిషి, వానలో తన గుమ్మం ముందే నిలబడి బెల్లు కొట్టింది. చివరికి నేను బజారు నుంచి వచ్చి తలుపు తీశాను.

"బెల్లు వినపడలేదా?" అంది పిన్ని, జుట్టు పిండుకుంటూ.

"వినపడింది. సరిగ్గా అప్పుడే ఒక పైక్ చేప వచ్చింది రెన్స్కే! ఇంత, మోచెయ్యంత!"

"నేను దానికంటే పెద్దగానే ఉన్నాను గెర్బెన్."

బాబాయి తల ఊపాడు, తెర మీంచి కన్ను తియ్యకుండా.

పిన్ని అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, కొలనులో పిల్లలకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "ఆదివారం నా పుట్టినరోజు. అరవై నిండుతాయి. మూడింటి నుంచి ఐదింటిదాకా నువ్వు కుర్చీలో కూర్చోవాలి. ఫోను లేదు, కంప్యూటర్ లేదు, చేపలు లేవు. మధ్యలో మాయమయ్యావో, కారుకి కారవాన్ తగిలించుకుని నేను పోతాను. ఈ వేసవికి కాదు. పూర్తిగా."

"ఎక్కడికి?"

"నీ వైఫై అందనంత దూరం."

ఉత్తుత్తి బెదిరింపు అనుకోవడానికి లేదు. కారవాన్ అంటే వేసవి సెలవుల్లో కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. దాని టైర్లకి గాలి కొట్టింది నేనే. గ్యాస్ సిలిండరు మార్చింది నేనే. ఆవిడ బట్టల పెట్టె లోపల పెట్టిందీ నేనే. ఒకటే పెట్టె.

ఆదివారం వచ్చింది. కుర్చీలు గుండ్రంగా వేశాం. వచ్చినవాళ్ళు మా ఆచారం ప్రకారం ముందు పిన్నికి, ఆ తర్వాత గదిలో ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి "మీ ఆవిడకి శుభాకాంక్షలు", "మీ అక్కకి శుభాకాంక్షలు", "మీ పక్కింటావిడకి శుభాకాంక్షలు" అని చెప్పి కూర్చున్నారు. పిన్ని కొత్త నీలం గౌను, వెండి రంగు బూట్లు వేసుకుంది. బాబాయి జుట్టు తడిపి దువ్వుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పిన్ని తమ్ముడు డౌవే, తను ఏ హైవే మీంచి వచ్చాడో, ఎక్కడ రోడ్డు తవ్వారో, ఏ మలుపు తిరగకుండా ఉండాల్సిందో చెప్పడం మొదలుపెట్టాడు. డౌవే ప్రతి పుట్టినరోజుకీ ఇదే చెబుతాడు. రోడ్లు మాత్రం మారుతుంటాయి.

బాబాయి లేచాడు. "బాత్రూం," అన్నాడు. దానికి ఎవరు మాత్రం వద్దంటారు?

తిరిగొచ్చాడు. మళ్ళీ లేచాడు. మూడోసారికి ఆఫ్కే మామ్మ నా చెవిలో, "ప్రోస్టేటా?" అంది.

"ఏమో మామ్మా."

"మా ఆయనదీ ఇలాగే మొదలైంది," అని, చూసొస్తానని ఆవిడా వెళ్ళింది. ఇద్దరూ రాలేదు. ఏమైందోనని డౌవే వెళ్ళాడు. డౌవే భార్య డౌవే కోసం వెళ్ళింది. నేనూ వెళ్ళి చూశాను. బాత్రూంలో, అందరి పుట్టినరోజులూ రాసి తగిలించుకునే క్యాలెండర్ కింద ట్యాబ్ నిలబెట్టి ఉంది. బాబాయి కమోడ్ మూత మీద కూర్చున్నాడు, మామ్మ టవల్ పట్టుకుని వాష్‌బేసిన్‌కి ఆనుకుంది, మిగతావాళ్ళు గుమ్మంలో. తెర వెలుగుకి అందరి మొహాలూ ఆకుపచ్చగా ఉన్నాయి.

"బావా, అదేనా?" అన్నాడు డౌవే.

"అది ఆకు."

నేను తిరిగి హాల్లోకొచ్చాను. గుండ్రంగా ఖాళీ కుర్చీలు. మధ్యలో పిన్ని, చేతిలో కేకు కోసే కత్తి.

"నువ్వు వెళ్ళవా యెల్మర్?"

"అందరూ చేపలు చూస్తున్నారు పిన్నీ," అన్నాను. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు.

ఆవిడ కత్తి కింద పెట్టింది. కారు తాళాలు తీసుకుని బయటికి నడిచింది. నేను బాత్రూం దగ్గరికి పరిగెత్తి, "పిన్ని వెళ్ళిపోతోంది!" అని అరిచాను.

"ఉష్! ఏదో వస్తోంది," అంది ఆఫ్కే మామ్మ.

నిజంగానే వచ్చింది. బురద నీళ్ళలో పైనుంచి తెల్లగా, పొడుగ్గా ఏదో దిగింది. తర్వాత దాని పక్కనే ఇంకొకటి.

"రెండు," అన్నాడు డౌవే.

"మలుగు చేపలు," అంది మామ్మ.

బాబాయి వేలు అప్పటికే బెల్లు మీద పడింది. నొక్కేశాడు. ఆ తర్వాత, ఆ మలుగుల చివర మెరుస్తున్న వెండి బూట్లు కనిపించాయి. వాటి చుట్టూ నీలం గౌను గొడుగులా విచ్చుకుంది. బాబాయి వేలు వెనక్కి లాక్కున్నాడు. తెర మీద మాత్రం ఎక్కడెక్కడివాళ్ళో టకటకా బెల్లులు నొక్కుతూనే ఉన్నారు.

లాకులు మా వీధి చివరే. మేం వెళ్ళేసరికి పిన్ని రాతిమెట్ల మీద నడుము లోతు నీళ్ళలో, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడి ఉంది. గట్టు మీద హెస్సెల్ రొప్పుతున్నాడు.

"మేడమ్, మీరు లోపలి కాలవలోకి వెళ్తారా?"

"వెళ్ళను."

"ఇన్ని బెల్లులు ఎప్పుడూ మోగలేదు. తలుపు తియ్యకపోతే నాకు మాటొస్తుంది."

"తియ్యవయ్యా, నాకేం?"

తలుపు కాస్త కదిలింది. నీళ్ళు సుడి తిరిగాయి. పిన్ని కళ్ళు పెద్దవయ్యాయి. "కాళ్ళకి ఏవో తగులుతున్నాయి," అంది.

బాబాయి కుంటుతూ, ఒకే చెప్పుతో మెట్ల దగ్గరికొచ్చాడు. "రెన్స్కే, బయటికి రా. గడ్డకట్టుకుపోతావు."

"బెల్లు కొట్టింది నువ్వేనా?"

"మొదట కొట్టింది నేనే."

"నేనని తెలిసి కొట్టావా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. బాబాయి మాత్రం, "చేపనుకున్నాను," అన్నాడు.

"చూడు," అంది పిన్ని, గుప్పిట్లో తాళాలు చూపించి. "కారవాన్ తగిలించుకునేదాన్నే. కానీ నేను పోయినట్టు నీకు వారం దాకా తెలియదు. అలా పోయి ఏం లాభం? అందుకే నువ్వు చూసే చోటికొచ్చాను."

బాబాయి ఉన్నవాడు ఉన్నట్టే మెట్లు దిగి, మోకాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కిందకి నీళ్ళలోకి చూశాడు. "ఇక్కణ్ణుంచి ఏమీ కనపడదే," అన్నాడు. పిన్ని నవ్వకుండా ఉండాలని చూసింది. పళ్ళు టకటకలాడుతుంటే మూతి బిగించడం కుదరలేదు.

"ఇంటికెళ్ళి మళ్ళీ మొదటినుంచి," అంది. "రెండు గంటలూ."

మొదటినుంచే చేశాం. అందరం మళ్ళీ అందరికీ చెయ్యిచ్చి శుభాకాంక్షలు చెప్పుకున్నాం. హెస్సెల్ కూడా వచ్చాడు. "మా ఊరి ఆవిడకి శుభాకాంక్షలు," అంటూ చుట్టూ తిరిగాడు. డౌవే మళ్ళీ హైవే ఎక్కాడు. బాబాయి తుడుచుకుని, వేరే ప్యాంటు వేసుకుని, కుర్చీకి అతుక్కుపోయి విన్నాడు. మధ్యలో ఒకసారి నిజంగానే బాత్రూం వచ్చినట్టుంది, మొహం ఎర్రబడింది. లేవలేదు.

పిన్ని వెళ్ళలేదు. పెట్టె లోపలికి తెచ్చింది నేనే. బాబాయి మారిపోయాడని మాత్రం చెప్పను. ఇప్పుడు పొద్దుటి కాఫీ దాకా చేపల్ని చూస్తాడు. కాఫీ వచ్చాక కంప్యూటర్ మూసి పిన్నికి ఎదురుగా కూర్చుంటాడు. ఒప్పందం అది. ఇంకా కాఫీ తాగాలని లేదని రోజూ కాసేపు బతిమాలుతాడు. పిన్ని రోజూ కాస్త ముందే పెట్టేస్తుంది.