పసుపు కల్లానికి ఊరి వంతు

పెద్దమ్మ పోయిన సంగతి నాకు దుబాయి నుంచి తెలిసింది. ఆమె ఇల్లు మా ఇంటికి రెండు గోడల అవతలే. ఆ మధ్యాహ్నం నేను ఆర్మూర్‌లో, పసుపు అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తున్నాను. ఆమె కూతురు ముందుగా దుబాయిలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది. అతను అక్కడి మా ఊరి సంఘం వాళ్ళకు చెప్పాడు. సంఘం పెద్ద నాకు ఫోన్ చేసి, "అన్నా, మన అధ్యక్షురాలు పోయిందట గదా," అన్నాడు. లెక్కల పుస్తకం మూసి లేచాను. పెర్కిట్ మీదుగా ఆటోలో ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. అన్నం తిని, బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిందట.

ఆమె మాకు చుట్టం కాదు. మా అమ్మతో కలిసి బీడీలు చుట్టేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఆమె భర్త చాలా ఏళ్ళ కింద గల్ఫ్‌లో పనిలో ఉండగానే చనిపోయాడు. శవాన్ని ఇంటికి పంపడానికి అక్కడి మా ఊరివాళ్ళు గదిగదికీ తిరిగి డబ్బు పోగు చేశారు. వాళ్ళ సంఘం ఆ శవపెట్టెతోనే మొదలైంది. తర్వాత జబ్బు పడ్డవాళ్ళకు, పని పోయినవాళ్ళకు టికెట్లు కొనిచ్చారు. ఆ సంఘం పిల్లల మాట వస్తే ఆమె చుట్టడం ఆపి, "నా మొగన్ని ఇంటికి తెచ్చిన పోరగాండ్లు," అనేది.

కొన్నేళ్ళకు సంఘం వాళ్ళకు ఊరికి ఏదైనా చేయాలనిపించింది. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు సొంత ఊరి కోసం ఎంత పోగు చేస్తే అంత తానూ కలిపి ఇచ్చే ఒక సంస్థ ఉందని ఎవరో చెప్పారు. దాని షరతులు రెండు. ఊళ్ళో ఒక కమిటీ ఉండాలి, దానికి ఆడమనిషి పెద్దగా ఉండాలి. ఊరి వంతు కూడా కొంత కలవాలి, అది డబ్బు కాకపోయినా పని రూపంలో అయినా సరే. సంతకం వస్తుంది, ఎదురు మాట్లాడదు అనుకుని పెద్దమ్మను అధ్యక్షురాలిని చేశారు. లెక్కలు నాకు అప్పగించారు.

సంతకం ఒక్కటే నిజమైంది. మొదటి కాగితం తీసుకుపోయిన రోజే, "జర సదువు కొడుకా. దేని కింద పెడుతున్ననో నాకు తెల్వాలె," అంది. చదివాను. మళ్ళీ చదవమంది. అప్పటి నుంచి ప్రతి కాగితం అంతే. ఆమె చేతులు ఆకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుడుతూనే ఉండేవి. చూపు మాత్రం నా నోటి మీద. మొదట్లో నాకు విసుగొచ్చేది. తర్వాత ఆమెకు చదివి వినిపిస్తున్నప్పుడే నా తప్పులు నాకు తెలిసేవి.

సంఘం వాళ్ళు మొదట ఊరి మొగదల తమ పేర్లతో స్వాగత ద్వారంలా ఒక కమాన్ కట్టిద్దామన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరం వింటున్నాం. పెద్దమ్మ, "కమాన్ కింద పసుపు ఆరుతదా బిడ్డా?" అని అడిగింది. అక్కడా ఇక్కడా నవ్వారు. ఆమె నవ్వలేదు. మా ఊళ్ళో ఉడకబెట్టిన పసుపును హైవే పక్కన రోడ్డు మీదే ఆరబోసేవాళ్ళు. దాదాపు రెండు వారాలు ఆడవాళ్ళు లారీల పక్కనే తిరుగుతూ కొమ్ములు తిరగేసేవాళ్ళు. చక్రాల కింద పసుపు నలిగేది. ఒకరిద్దరికి దెబ్బలూ తగిలాయి. కమాన్ మాట అక్కడితో ఆగి, పసుపు ఆరబోసుకునే సిమెంటు కల్లం మాట మొదలైంది.

ఊరంతా పని చేసింది. మొరం పోసి చదును చేశారు, ఇసుక, కంకర మోశారు, సిమెంటుకు నీళ్ళు పట్టారు. రోజూ వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. నేను రిజిస్టర్ రాస్తే, చదువు రాని ఆడవాళ్ళ కోసం పెద్దమ్మ వేరే గుర్తు పెట్టింది. మనిషికొక బీడీ దారం మేకుకు వేలాడదీసి, వచ్చిన రోజుకొక ముడి వేసేది. ఆ సన్నటి ముడులను వేళ్ళతో తడిమి, ఎవరు ఎన్ని రోజులు వచ్చారో చెప్పేసేది.

సగం కల్లం అయింది. రెండో విడత డబ్బు రావాలంటే, చేసిన రోజులకు కూలి కట్టి ఊరి వంతు ఎంతైందో చూపించాలి. లెక్క వేస్తే తక్కువ పడింది. చూపించకపోతే డబ్బు ఆగిపోతుంది. అంటే సగం ఊరు మళ్ళీ రోడ్డు మీదికే. సంఘం పెద్ద ఫోన్లో, "అన్నా, ఓ ఇరవై పేర్లు ఎక్కువ రాయి. ఇక్కడున్న మా పేర్లే రాయి. మేం గుడ ఊరోళ్ళమే గదా. ఎవలొచ్చి చూస్తరు?" అన్నాడు. నేను వద్దనలేదు. ఇరవై పేర్లు కలిపి కొత్త కాగితం రాసి సంతకానికి తీసుకుపోయాను.

ఆమె చదవమంది. కొత్త పేర్లలో మూడోదాని దగ్గర ఆపింది. "వాడు దుబాయిల లేడా?"

"ఉన్నడు పెద్దమ్మా."

"మరి అక్కడ ఉండుకుంటనే తట్ట మోసిండా?"

ఉన్న విషయం చెప్పాను. ఆమె పేర్లు కలపకముందు నేను లెక్క వేసిన పాత కాగితం చదవమంది. మగవాళ్ళకు రోజుకు ఇంత, ఆడవాళ్ళకు ఇంత అని చదివాను. ఆమె చేతిలోని బీడీ చాటలో పెట్టింది.

"ఆడోళ్ళది తక్కువెందుకు రాసినవ్?"

"మన దగ్గర కూలి గట్లనే ఉంటది గదా."

"కూలి ఎవలిచ్చిండ్రు? మేం ఉత్తగ చేసినం. ఉత్తగ చేసినదానికి గుడ తక్కువేనా కొడుకా?"

ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ తట్టని ప్రశ్న అది. అక్కడే కూర్చుని ఇద్దరికీ ఒకే రేటు వేసి చూశాను. ఒక్క దొంగ పేరు లేకుండా ఊరి వంతు నిండింది.

సంఘం పెద్ద భయపడ్డాడు. ఆ సంస్థ వాళ్ళు ఊళ్ళో నడిచే కూలి ప్రకారమే రాయమన్నారు, ఇది చూసి మొత్తం ఆపేస్తే రెండేళ్ళ చందాలు ఏమవుతాయి అన్నాడు. పెద్దమ్మ ఫోన్ తీసుకుంది. "బిడ్డా, మా ఇంటాయన పెట్టెను నువ్వు మోసినవు. నీ మాట కాదనాలంటే నా పానం కొట్టుకుంటున్నది. కానీ చెయ్యనోళ్ళ పేర్లు ఎక్కిచ్చి, చేసినోళ్ళది తగ్గిస్తే నేను సంతకం పెట్ట," అంది. అతను, "సరే పెద్దమ్మా, పంపుండ్రి," అన్నాడు.

అనుకున్నట్టే సంస్థ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసి, రేటు ఎందుకు అలా ఉందని అడిగింది. నేను తడబడుతుంటే పెద్దమ్మ అందుకుని, "మేడమ్, మగోళ్ళు ఎత్తిన తట్టలు, మేం ఎత్తిన తట్టలు ఒక్క దుకాణంలనే కొన్నం," అంది. మేడమ్ పైవాళ్ళను అడిగి చెప్తానంది. వారం, రెండు వారాలు గడిచాయి. వాడకట్టులో కొందరు, ముసలమ్మ పంతానికి ఉన్నదీ పోయిందన్నారు. సాయంత్రం నేను ఇల్లు చేరగానే ఆమె గోడల మీదుగా, "ఫోన్ వచ్చిందా?" అని మాత్రం అడిగేది. లేదని చెప్తే, "అయితే బువ్వ తిను పో," అనేది.

నాలుగో వారంలో డబ్బు వచ్చింది. కల్లం పూర్తయింది. మొదటి రోజు ఆమె చెప్పులు విప్పి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఎక్కడా నీళ్ళు నిలిచేట్టు లేదని పాదాలతోనే చూసుకుంది.

ఊళ్ళో కూలి రేట్లు మాత్రం మారలేదు. ఆ ఏడాది నా అర ఎకరం పసుపు తవ్వించినప్పుడు నేను అందరికీ ఒకే కూలి ఇచ్చాను. ఆమెకు చెప్పలేదు. అయినా ఆ సాయంత్రం ఆమె కూతురి చేత వేడి సర్వపిండి రొట్టె పంపింది.

ఆమె పోయింది పసుపు ఆరే కాలంలోనే. కల్లం మీద పనిలో ఉన్న ఆడవాళ్ళు విన్నవాళ్ళు విన్నట్టే, చేతులు కూడా కడుక్కోకుండా వచ్చారు. ఒక్కొక్కరే వంగి కాళ్ళు పట్టుకున్నారు. తెల్లగుడ్డ మీద, పాదాల మీద పసుపు అంటింది. ఒక పెద్దాయన, "భర్త లేని మనిషికి పసుపేంది, తుడువుండ్రి," అన్నాడు. కూతురు తల ఎత్తకుండానే, "ఉండనియ్యి తాతా," అంది. ఎవరూ తుడవలేదు.

పాడె లేచాక నేను పక్కనే నడిచాను. నడిచినంత దూరం నాకు కనిపించింది ఆ రెండు పాదాలే. చీలమండల దాకా పచ్చగా, ఎవరెవరివో వేళ్ళ గుర్తులతో.