కెలమంగలం బస్టాపులో మూడు నిలువుల నీళ్ళు

ఆ రోజుల్లో సందేహమనేది ఎదుటివాళ్ళు పడవలసినదే గాని నేను పడవలసినది కాదని నా నమ్మకం. తర్క సభల్లో ఊపిరి తీసుకోకుండా మాట్లాడేవాణ్ణి. హోసూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. మేం పడవల్లో అమర్చే ఒక పెట్టె తయారుచేసేవాళ్ళం. పడవ ఎక్కడుందో చెప్పే జీపీఎస్, నీటి లోతు చెప్పే యంత్రం, దిక్సూచి అన్నీ ఒక్కసారే మాట్లాడుతుంటే, అక్కర్లేనిది వడగట్టి, ఎవరికి కావలసిన మాట వాళ్ళకు చేర్చడం దాని పని. (మాలో ఒక్కరు కూడా సముద్రం చూసినవాళ్ళు కారు.) అందుకని నేను జీపీఎస్‌ను ఒళ్ళో పెట్టుకుని కెలమంగలం నుంచి హోసూరుకు బస్సులో వచ్చి, ఆ ప్రయాణాన్నే పెట్టెలో రికార్డు చేశాను. పెట్టె ఆన్ చేయగానే ఆ రికార్డుతో తనను తాను పరీక్షించుకుంటుంది. అసలు జీపీఎస్ అందగానే రికార్డు నోరు మూసుకోవాలి. ఎవరి మాట నమ్మాలో తేల్చే సూత్రం కూడా నేనే రాశాను: తడబడకుండా మాట్లాడేవాణ్ణి నమ్ము.

నెల్లూరు తీరం నుంచి చేపల పడవలున్న ఒకావిడ పెట్టె చూడ్డానికి వచ్చింది. ఆమె ఒప్పుకుంటే అదే మా మొదటి అమ్మకం. లేదంటే ఆ విభాగం మూసేస్తామని యజమాని ముందే చెప్పాడు. కృష్ణగిరి డ్యాములో ఒక మోటారు పడవ మాట్లాడాం. కనబడ్డ యంత్రానికల్లా బొట్టు పెడతాడని మేం కుంకుమప్ప అని పిలుచుకునే మా సూపర్‌వైజరు నిమ్మకాయతో సహా దిగాడు.

"నిమ్మకాయకు సిగ్నల్ దొరకదన్నా. రుజువు కావాలి, రుజువు!" అన్నాను.

"పెట్టనీ అప్పా, అదేమన్నా నిన్ను కరుస్తుందా?" అని పెట్టెకు బొట్టు మాత్రం పెట్టేశాడు.

పడవ కదిలింది. కుదుపులకు జీపీఎస్ వైరు వదులై, దాని మాట మధ్యమధ్య తెగుతోంది. రికార్డు మాత్రం తడబడదు కదా! పెట్టె నా సూత్రాన్ని పొల్లుపోకుండా పాటించింది. నీళ్ళను చీల్చుకుంటూ పోతున్న మా పడవ, తెర మీద కెలమంగలం బస్టాపులో జనం కోసం ఆగి ఉంది. లోతు యంత్రం నిజమే చెబుతోంది గనక, ఆ బస్టాపులో మూడు నిలువుల నీళ్ళు కూడా ఉన్నాయి.

"యాడికి పోతుండాము అప్పా? టిక్కెట్టు నేను తీయలేదే!" అన్నాడు కుంకుమప్ప.

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వబాక నాయనా. మా తమ్ముడి పడవ ఇట్టాంటి తెరను నమ్మి రాళ్ళ మీదికి పోయింది. వాడి చెప్పులు గూడా దొరకలా."

నేను ల్యాప్‌టాప్ తెరిచి రికార్డును చెరిపేశాను, సూత్రం తిరగరాశాను. తర్వాత ఆమె కళ్ళముందే జీపీఎస్ వైరు పీకాను. తెర మీద ఒకే మాట వచ్చింది: 'స్థానం తెలియదు.'

ఆమె చాలాసేపు దాన్ని చూసింది. "తెలీనప్పుడు తెలీదంటందా? ఆ తమ్ముడి కొడుకే ఇప్పుడు మా పెద్ద పడవ నడిపేది. దాంట్లో పెట్టు," అంది. బొట్టు తుడవబోతే, "ఉండనీలే, అదేం దారి చెప్పదుగా," అంది.

ఇప్పటికీ సభల్లో మాట్లాడతాను, ఇప్పటికీ గట్టిగానే. కాని మాట మరీ జోరుగా, ఎక్కడా తెగకుండా వస్తున్నప్పుడు అనుమానమొస్తుంది: ఇది నేనున్న చోటి మాటేనా, ఎప్పుడో రికార్డయిందా అని. అప్పుడు ఒక్క క్షణం ఆగి నీళ్ళు తాగుతాను. నా తడబాటును చూసి ముందు వరసలోని కుర్రవాళ్ళు నవ్వుతారు. వాళ్ళ బస్సు ఇంకా కెలమంగలం దాటలేదు. నాదీ దాటడానికి ఇన్నేళ్ళు పట్టింది.