మా మూగ తమ్ముడి దీవెన

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. బ్రాడీపేటలో వీడియోలు ఎడిట్ చేసే మా చిన్నమ్మాయి, వాళ్లక్క పెళ్లిలో చుట్టాలు చెప్పిన దీవెనలన్నీ ఒక వీడియోగా కూర్చింది. మాటల్లేని చోటల్లా కంప్యూటరే కత్తిరించేలా పెట్టింది. రెండు రోజుల పని గంటలో అయింది.

చూడటానికి దర్శి నుంచి మిరపకోత మానుకుని మా తమ్ముడొచ్చాడు. వాడు పుట్టుమూగ. పెళ్లిలో చేతులతోనే దీవించాడు.

వీడియో అయిపోయింది, అందులో వాడు ఎక్కడా కనపడలేదు. గుండె మీద వేలు పెట్టుకుని, నేనేడీ అన్నట్టు చూశాడు.

“ఏమే, మీ మామయ్యనే కోసేశావా?” అన్నాను.

“మాట వినపడలేదని అదే తీసేసిందమ్మా! అసలుది ఉంది, ఉండు!” అని కంగారుగా వెతికింది.

వాడు చెప్పులేసుకుంటుంటే చెయ్యి పట్టి ఆపాను. ఇంతలో తెరమీద వాడి చేతులు లేచాయి. మళ్లీ వెయ్యమని సైగ చేశాడు. నాలుగుసార్లు చూశాడు.

ఇప్పుడు చిన్నది, యంత్రం తీసేసినవన్నీ చూశాకే వీడియో ఇస్తుంది. నోరులేని వాళ్ల దీవెన కూడా మీ ఇంటికి అందాలి, చల్లగా ఉండండి.