చెల్లెలి పెళ్ళిలో నేను తినని పులుసు

కులం లేదని పదిమంది ముందు చెప్పే మీరు, మీ వాళ్ళు తక్కువగా చూసే ఇంట్లో, మీ అమ్మ చూస్తుండగా, కడుపునిండా ఎప్పుడు తిన్నారు? చాటుగా తిన్నది లెక్కలోకి రాదు. చాటుగా నేనూ తిన్నాను.

మా చెల్లెలి పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. భోజనాలు పెళ్ళికొడుకు ఇంట్లో, తోటపల్లి గూడూరు దాటాక ఒక దళితవాడలో. పాతికమందికి మించి లేరు. పెళ్ళికొడుకు తల్లి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని చేస్తుంది. రెండు రోజులు పని మానుకుని వంటంతా తానే చేసింది.

ముందురోజు నేను సాయానికి వెళ్ళాను. బొమ్మిడాయిల పులుసు ఒక పూట నిలవుంటేనే రుచి అని ఆమె ఆ సాయంత్రమే పొయ్యి మీద పెట్టింది. నేను మామిడికాయలు కోసిపెట్టాను. చేప విరుగుతుందని ఆమె గరిటె పెట్టలేదు. గుడ్డలతో మట్టిదాక అంచులు పట్టుకుని గుండ్రంగా ఊపింది. దించే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది.

"మీ ప్రభువు ఉప్పు కూడా చూస్తాడా అత్తా?" అన్నాను.

"ఆయనకు నా చేతి ఉప్పు తెలుసులే. నువ్వు చూడు," అని నా అరచేతిలో ఒక చుక్క వేసింది. నాకాను. ఇంకో చుక్క అడిగాను.

ఇంటికి వచ్చాక చెల్లెలు ఒక్కటే కోరింది. "అమ్మ ఆ ఇంట్లో ఒక్క ముద్ద తినాల అన్నా. తినకపోతే ఎల్లకాలం మా అత్త మొఖం నేనెట్ట చూసేది? నువ్వు ముందు కూర్చుంటే అమ్మ కూర్చుంటది."

కూర్చుంటానని మాట ఇచ్చాను.

మర్నాడు ఆకులు వేశారు. మా మేనమామ కూర్చోకుండానే అన్నాడు, "ఈరోజు గురువారం గదమ్మా, నీచు ముట్టం." ముందటి గురువారం మనుబోలు దగ్గర దాబాలో ఆయన కోడి పలావు తింటుంటే ఎదురుగా కూర్చున్నది నేనే.

"అయ్యో, ముందే చెప్పకపోతివే అన్నా! అరగంట ఓర్చుకోండి," అని పెళ్ళికొడుకు తల్లి లోపలికి పరుగెత్తింది. కోడలి కోసం కొన్న కొత్త గిన్నెల మీది స్టిక్కర్లు గీకేసి పప్పు, వంకాయ కూర చేసింది. చెమట తుడుచుకుంటూ వచ్చి మా అమ్మను పిలిచింది. "నీచు తగలని గిన్నెలు వదినా. రాండి."

వదినా అన్న పిలుపుకు అమ్మ పలకలేదు. మామ పలికాడు. "పొద్దున టిఫిను ఎక్కువైందమ్మా."

"మజ్జిగన్నా తాగండి."

"జలుబు."

అని, పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసుకున్నాడు. అమ్మ కూడా ఒకటి తీసుకుంది. కారులోంచి నీళ్ళ సీసా తెప్పించుకున్నారు. తొక్క ఉన్న పండుకూ, సీలున్న సీసాకూ కులం అంటదు. పెళ్ళికొడుకు తల్లి చేతుల మీదుగా పోయే రొయ్యలకూ అంటదు. వాటిని మామ లొట్టలేసుకుంటూ తింటాడు. ఇది ఆచారమట. ఒక చిన్న ప్రశ్నకు కూడా నిలవని పచ్చి మోసానికి ఎంత మర్యాదైన పేరు!

చెల్లెలు నా వైపు చూసింది. నేను ఆకు ముందు సగం వంగాను. అప్పుడు అమ్మ నా వైపు చూసింది. నేను లేచి పండ్ల పళ్ళెం వైపు నడిచాను.

పెళ్ళికొడుకు తల్లి నాకు అడ్డం వచ్చింది. "నిన్న నా చేతి చుక్క నాకి, ఇంకోటి వెయ్యమంటివి గదా నాయనా. గురువారం ఇప్పుడు నీకూ వచ్చిందా?"

పక్కింటి ఆడవాళ్ళు పక్కున నవ్వారు.

"కడుపు బాగలేదు అత్తా," అన్నాను.

"అత్తా అనబాక. అరటిపండు తిను, పో."

చెల్లెలు అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒక్క ముద్దమ్మా."

"పెళ్ళికి రమ్మంటివి, వస్తిని. తింటానని చెప్పలేదే."

కూతురు పట్టుకున్న చేతిని కొంగుకు తుడుచుకుని అమ్మ కారెక్కింది. నేనూ ఎక్కాను. అద్దంలోంచి చూస్తే, మా కోసం వేసిన ఆకుల్లో ఒకదాని ముందు చెల్లెలు ఒక్కతే కూర్చుని, తల ఎత్తకుండా తింటోంది.

ఇరవై ఏళ్ళుగా కులం లేదని నేను మాట్లాడే సభల్లో ఆ పెళ్ళిని వాడుకున్నాను. మా ఇంట్లోనే కులాంతర వివాహం జరిగిందంటే చప్పట్లు పడేవి. ఒక సభ వీడియో చూసి చెల్లెలు ఫోను చేసింది. "చప్పట్ల కోసం నా పెళ్ళిని చెప్పబాక అన్నా. నువ్వు ఆ పెళ్ళికి రాలా." అంతే, పెట్టేసింది.

ఇది చదివి మా అమ్మను తిట్టుకుని తృప్తిపడకండి. ఆమె నమ్మిందే చేసింది. నమ్మనిది చేసినవాణ్ణి నేను. ఇలాంటి పెళ్ళి మీ ఇంట్లోనూ జరుగుతుంది. ఆ రోజు ఉపన్యాసం ఇంట్లో పెట్టి, ఆకలితో వెళ్ళండి. మీ వాళ్ళు ఇంకా నిలబడి సాకులు వెతుక్కుంటుండగానే అందరికన్నా ముందు కూర్చోండి. మీ అమ్మ కళ్ళలోకి చూస్తూ తినండి.