బ్రేకినిస్పెక్టరు కోసం దాచిన సైలెన్సర్లు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. పెద్ద అబద్ధమేం కాదు, ఒక్క మాట. కోర్టులో చెప్పింది కాదు. ప్రమాణం చేసి చెప్పిందీ కాదు. నా షాపు ముందర నిలబడి, చేతుల గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చాను. వానల గురించో, పత్తి ధర గురించో మాట్లాడి లేచి వచ్చాను.

నాకు కోపం ఎక్కువ. ముందే చెబుతున్నాను. చదువుతుంటే ఎవరెవరినో తిడుతున్నానని మీకు అనిపిస్తుంది. ఆ తిట్లన్నీ చివరికి నా మీదికే వస్తాయి, కాస్త ఓపిక పట్టండి.

మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇల్లు. నాకు మగ్గం అబ్బలేదు. ఆదోనికి పోయి మోటారు సైకిళ్ళ పని నేర్చుకుని, డెబ్బైల నడుమ ఆదోనిలోనే ఎమ్మిగనూరు రోడ్డు మీద చిన్న షాపు పెట్టుకున్నాను. పత్తి కాలంలో ఆ రోడ్డు నిండా ఎద్దుల బండ్లే. తెల్లవారగానే వరసగా మార్కెట్టుకు వస్తుండేవి. అదే పత్తి మీద బతికే మండీ యజమానుల కొడుకులు మోటారు సైకిళ్ళు కొన్నారు. రెండు పక్కలా రెండు సైలెన్సర్లుండే బండి అంటే అప్పట్లో అందరికీ మోజు. ఆ పిల్లలకు బండి నడిస్తే చాలదు. తాము వస్తున్నట్టు ఊరికి తెలియాలి.

అది నాకు చేతనైన విద్య. సైలెన్సర్ వెనక మూత విప్పి, లోపలుండే చిల్లుల గొట్టం లాగేసి, ఇంకాస్త కోసి అతికిస్తే బండి గొంతు మారిపోతుంది. ఎవరైనా గొట్టం లాగగలరు. కానీ నేను చేసిన బండి సద్దు వేరు. సందు చివర వినపడగానే ఇది ఫలానావాడి చెయ్యి అని నా పేరు చెప్పేవాళ్ళు. ఆ మాట విని లోపల పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

చట్టం లేదా అంటే, ఉంది. బండి చప్పుడును వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలని రూలు. వీలైనంత అంటే ఎంత? ఎవరికి వీలైనంత? కొలిచే మిషనేదీ మా వైపు ఎవరూ చూడలేదు. బ్రేకినిస్పెక్టరు, అంటే బండ్లను పరీక్ష చేసే ఆఫీసరు, అప్పుడప్పుడు ఆదోనికి క్యాంపు వచ్చి ట్రావెలర్స్ బంగళా ఆవరణలో బండ్లు చూసేవాడు. స్టార్టు చేయమనేవాడు, వినేవాడు, పొమ్మనేవాడు. ఆయన మీద నాకేం వంక లేదు. తన ముందుకు వచ్చిన బండి చప్పుడే కదా ఆయన వినేది.

ఆ రోజు కోసమే నా షాపు గోడ మీద మేకుకు ఒక జత మంచి సైలెన్సర్లు వేలాడుతుండేవి. లోపలి గొట్టం తీయనివి. పరీక్ష ఉన్నవాడు బండి తెస్తాడు, అవి బిగిస్తాను, బంగళాకు పోయి చూపించి వస్తాడు, విప్పేసి మళ్ళీ మేకుకు తగిలిస్తాను. ఒకే జత ఊరంతా తిరిగేది. దాన్ని దొంగతనం అని ఎవరమూ అనుకోలేదు. పెళ్ళిచూపులకు పక్కింటి కుర్చీలు తెచ్చుకోవడం లాంటిదే అనుకున్నాం. అంత తేలిగ్గా ఎలా అనుకున్నాను?

డెబ్బైల చివర, పత్తి బాగా పండిన ఏడు. షాపు తీసి పని మొదలుపెట్టాను. దూరం నుంచి బండి వినపడింది. సుధాకర్ అని మండీ యజమాని కొడుకు, వాడి బండి. అంతకు ముందు వారమే వాడి గొట్టాలు చేసిచ్చాను. తల ఎత్తి విన్నాను. బాగా కుదిరింది అనుకున్నాను. ఇది మీకు చెప్పకుండా దాటేయవచ్చు, కానీ చెప్పాలి. నాకు మొదట కలిగింది సంతోషం. ఆ తర్వాతే అరుపులు వినపడ్డాయి.

పరిగెత్తి వెళ్ళేసరికి మలుపు దగ్గర ఒక పత్తి బండి పక్కకు ఒరిగి పడి ఉంది. సుధాకర్ బండ్ల వరసను దాటబోతూ, సరిగ్గా ఆ ఎద్దుల పక్కకు వచ్చి ఒక్కసారిగా రేజ్ ఇచ్చాడట. ఎద్దులు బెదిరి లాగాయి. చక్రం రోడ్డు పక్క కంకర కుప్ప ఎక్కింది. పత్తి నింపిన బోరాల మీద కూర్చున్న ఆడమనిషి కిందపడింది. మోటారు సైకిలు ఎవరినీ తాకలేదు. గీత కూడా పడలేదు. చేసిందంతా చప్పుడే.

ఆ ఎద్దుల బండి గోనెగండ్ల పక్క పల్లెకు చెందిన ఉరుకుందప్ప అనే రైతుది. పడిన మనిషి ఆయన భార్య నరసమ్మ. తుంటి విరిగింది. ఉరుకుందప్ప ఒక చేత్తో ఆమెను పట్టుకుని, ఇంకో చేత్తో ఎద్దుల పగ్గాలు వదలకుండా కూర్చుని ఉన్నాడు. ఎద్దులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. నేను బోరాలు లేపడానికి సాయం పట్టాను. మంచివాడిలా.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. గుద్దలేదు కాబట్టి తప్పు ఏదైనా ఉంటే చప్పుడులోనే ఉండాలి, అది బ్రేకినిస్పెక్టరు తేల్చాలి అన్నారు. రేపు బంగళా దగ్గర చూపించమని బండిని సుధాకర్ ఇంటికే వదిలారు. సాయంత్రం ఆ బండి నా షాపులో ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. మామూలే కదా అన్నట్టు నిలబెట్టి పోయారు. నేనూ మామూలుగానే మేకు మీది జత తీసి బిగించాను. బోల్టు బిగిస్తున్నప్పుడు చెయ్యి ఆగిందా? ఆగిందని చెప్పుకుంటే బాగుంటుంది. ఆగలేదు.

మరునాడు బంగళా ముందర బండి స్టార్టు చేశారు. పిల్లిలా మెల్లగా గురగురలాడింది. సైలెన్సర్లు రూలు ప్రకారం ఉన్నాయని ఇనిస్పెక్టరు చెప్పాడు. అక్కడితో కేసు నీరుగారిపోయింది. ఆస్పత్రి ఖర్చుకని మండీ నుంచి ఏదో పంపారు.

ఉరుకుందప్ప బంగళా దగ్గరే నిలబడి అంతా విన్నాడట. అటునుంచి అటే నా షాపుకు వచ్చాడు. గొడవకు వచ్చాడనుకున్నాను. ఆయన చెప్పులు బయట విడిచి, వాకిలి పక్కన నిలబడ్డాడు.

"అప్పా, ఆ పిల్లోని బండి నువ్వే సూస్తావంటనే?"

"అవునన్నా, నేనే సూస్తా."

"ఇబ్బుడు ఆడ బంగళాకాడ ఇన్నాను. సల్లగుండాది సద్దు. ఆపొద్దు గూడా ఇంతేనా?"

నేను గుడ్డ తీసుకుని చేతుల గ్రీజు తుడుచుకోసాగాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"కేసు కోసరం కాదప్పా నేనడిగేది. అది అయిపోయింది. నా ఎద్దుల కోసరం అడుగుతాండా. దూడలప్పట్నుంచి నేను సాకినవి. ఇంత సద్దుకే బెదిరినాయంటే ఇంగ వాటిని బండికి కట్టగూడదు. వాటెనక మనిసిని కూసోబెట్టగూడదు. ఆపొద్దు నా సెవుల్లో పిడుగు పడినట్టు అయింది. అది నా బెమనా, నిజమా? నువ్వు పనోనివి. నువ్వు సెప్తే నమ్ముతా."

"అంతే అన్నా. ఆపొద్దు గూడా అంతే సద్దు."

ఆయన తల ఊపాడు. "అట్లనా" అన్నాడు. చెప్పులేసుకుని పోయినాడు.

ఎందుకు చెప్పాను? ఈ ప్రశ్నను ఎన్ని రకాలుగా తిప్పి వేసుకున్నానో. భయమా? భయమే, కాదనను. నిజం చెబితే సుధాకర్ ఇరుక్కుంటాడు, వాడితోపాటు నేను ఇరుక్కుంటాను, ఊళ్ళో నా చెయ్యి పడిన బండ్లన్నీ బయటపడతాయి. కానీ ఆయన కేసు కోసం కాదని స్పష్టంగా చెప్పాడు కదా. విన్నాను. వినలేదని అబద్ధం చెప్పను. తన ఎద్దుల మీద నమ్మకం ఉంచుకోవాలా వద్దా అని అడగడానికి వచ్చాడు. గొంతు తగ్గించి, అన్నా, సద్దు ఎక్కువే, ఎవరికీ చెప్పొద్దు అని ఉంటే ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. అలాంటి మనిషని చూస్తేనే తెలుస్తుంది. అయినా చెప్పలేదు. అంత మంచి మనిషి ఎదురుగా ఉంటే ఆయన మంచితనాన్నే అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. ఇది తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. ఆ చలికాలం ఎమ్మిగనూరు జాతరకు వెళ్ళాను. జాతరలో ఎద్దుల సంత జరుగుతుంది. ఊరికే తిరుగుతుంటే ఉరుకుందప్ప కనపడ్డాడు. ఆ రెండు ఎద్దులనూ కడిగి, కొమ్ములకు రంగు పూసి నిలబెట్టాడు. మా వైపు ఎద్దుల బేరం తువాలు కింద జరుగుతుంది. కొనేవాడు, అమ్మేవాడు తువాలు కప్పుకుని దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. ఒక రైతు వచ్చి పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, నడిపించి చూశాడు. ముచ్చటపడి తువాలు కప్పబోయాడు. ఉరుకుందప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇవి బెదురు గొడ్లు, పత్తి బండి పడదోసినాయి, మా ఆడమనిషి తుంటి విరిగింది, తెలిసి కొంటే కొను అన్నాడు. ఎద్దులో దోషముంటే చెప్పి అమ్మాలని ఆయన నియమం. చెప్పకుండా అమ్మితే ఆ పాపం తనను చుట్టుకుంటుందని ఆయన భయం.

ఆ రైతు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాడూ అంతే. నేను చెరుకు రసం బండి పక్కన నిలబడి చూస్తున్నాను. నాలుగడుగులు వేసి ఆ అబద్ధాన్ని నేనే వెనక్కి తీసుకోవచ్చు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చివరికి కోతకు, అంటే కబేళాకు, కొనే దళారి ఒకడు వచ్చాడు. వాడికి బెదురుతో పనేముంది? వాడు తోలుకుపోతుంటే ఎద్దులు వెనక్కి తిరిగి చూశాయి. ఉరుకుందప్ప చూడలేదు. తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి మారిపోయానని చెప్పాలని నాకూ ఉంది. కొన్నాళ్ళు గొట్టాలు కోయడం మానేశాను. గిరాకీ పక్క షాపుకు పోయింది. రోషం వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఎనభైల చివర కొత్త చట్టం వచ్చిందని, ఇక గట్టిగా చూస్తారని అన్నారు. చట్టం మీద నాకు అంత కోపమెందుకో అప్పుడు తెలిసింది. అది నన్ను పట్టుకోలేదని కోపం. ఎవరైనా పట్టుకుని ఉంటే, ఎవరైనా ఆ మేకు మీది జతను చూపించి ఇదేమిటని గట్టిగా అడిగి ఉంటే, నేను నోరు తెరిచేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు. ఊళ్ళో సగం మందికి తెలుసు, ఒక్కడూ అడగలేదు. మెడ పట్టుకుని నిలదీస్తే తప్ప నిజం చెప్పలేని మనిషిని నేను. చట్టాన్ని ఎంత తిట్టుకుని ఏం లాభం?

ఒకసారి ధైర్యం చేసి ఆ పల్లెకు పోయాను. ఉరుకుందప్ప ఇంట్లో లేడు. కాలవ కింద వరికోతలకు కూలికి పోయాడన్నారు. సొంత ఎద్దులతో సేద్యం చేసిన మనిషి. నరసమ్మ వాకిట్లో ఒక పక్కకు ఒరిగి కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టలేదు. గోడ పట్టుకుని లేచి, కుంటుతూ లోపలికి పోయి నీళ్ళు తెచ్చిచ్చింది. నేను అడగకపోయినా చెప్పింది. మా ఆయనకు ఆ ఎద్దుల దిగులే నాయనా, ఇంకెవరి తప్పూ లేదు, దూడలప్పుడు గారాబం చేసి నేనే బెదురు నేర్పినాను, నా పెంపకం చెడ్డది, నా చేతులతో నిన్ను ఇట్ల చేసినాను అని నిద్రలో కూడా అంటుంటాడు అంది. నీళ్ళు తాగాను. చెంబు కింద పెట్టాను. వస్తానమ్మా అన్నాను.

మళ్ళీ ఆ పక్కకు పోలేదు. ఆయన ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉన్నా, ఈ కాగితం ఆయన దాకా పోదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన చేతిలో ఉండేది, ఆయన్ను నేను అడగలేదు. పేరు కూడా పెట్టుకోలేని పిరికివాడి ఒప్పుకోలు ఇది, దీనికి ఎంత విలువో నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఇన్నాళ్ళూ లోపల తిట్టుకుంటూ తిరిగిన మనిషిని, ఇవాళ ఆ మాట బయట పెడుతున్నాను.

ఉరుకుందప్పన్నా, ఆపొద్దు నువ్వు విన్నది నిజం. పిడుగు లాంటి సద్దే అది, నేను చేసిందే. నీ ఎద్దులు మంచివి. నువ్వు బాగా పెంచినావు.