జాబితాలో లేని అక్షరం

ఒకరి మజ్జ, అవయవాలు ఇంకొకరికి సరిపడతాయో లేదో తేల్చే టిష్యూ టైపింగ్ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ అనుమానాలక్క అంటారు. ల్యాబుకు అధిపతి అయిన పెద్ద డాక్టరు కూడా అలాగే అనేవాడు, పళ్లికిలిస్తూ. ఆయన్ని చూస్తేనే ఆవిడకు కంపరం. తెల్లకోటు మడత నలగదు, చేతికి గ్లౌజు తగలదు. రిపోర్టు మీద సంతకం మాత్రం చదవకుండానే గీకేస్తాడు.

ఒక బస్సు డ్రైవరుకు బ్లడ్ క్యాన్సర్. ఎముక మజ్జ మార్చాలి. పాత కిట్‌తో చూస్తే సొంత అన్నతో పూర్తిగా కలిసింది. ఇక వేరే వాళ్లెందుకని చెల్లెల్ని పిలవనేలేదు. తీరా అనుమానాలక్క మజ్జ కలవడాన్ని తేల్చే జన్యువును ఇద్దరిలోనూ మెషీన్‌తో అక్షరం అక్షరం చదివించేసరికి, డ్రైవరు వరసలో ఒకచోట అక్షరం మారి ఉంది; అక్కడ ఆ అక్షరమున్న రకం, ఆ జన్యువుకు తెలిసిన రకాల జాబితాలో ఎక్కడా లేదు. అన్నకు ఆ తేడా లేదు.

పెద్ద డాక్టరు కాగితం వైపు తలైనా తిప్పలేదు. మెషీన్ తప్పు చదివి ఉంటుందనీ, జాబితాలో దానికి దగ్గరగా ఉన్న రకం పేరు రాసి పంపేయమనీ అన్నాడు.

"ఏదో దగ్గర పేరు రాసెయ్యడానికి ఇదేమన్నా పెళ్లి శుభలేఖా సార్?"

"నీ అనుమానాలకి మందు లేదమ్మా," అన్నాడాయన ఫోన్ చూసుకుంటూ.

డిగ్రీలు బారెడు, బుర్ర బెత్తెడు అనుకుంటూ బయటికొచ్చింది. డ్రైవరు దగ్గర కొత్తగా రక్తం తీయించి రెండుసార్లు చదివించింది. అదే అక్షరం. అదేమీ ఊరకే పడి ఉన్న చోటు కాదు. తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో కణాలు పోల్చుకునే చోటు. అన్న మజ్జ ఎక్కిస్తే, అది డ్రైవరు ఒంటినే శత్రువనుకుని పీక్కుతినొచ్చు. వెంటనే చెల్లెల్ని పిలిపించింది. కుట్టుపని మధ్యలో వదిలేసి వచ్చిన ఆమె, "నన్నెవరూ అడగలేదండీ," అంది. ఆమెలో డ్రైవరుకున్న అక్షరమే ఉంది, తక్కినవీ పొల్లుపోకుండా కలిశాయి.

చెల్లెలి మజ్జ కుదురుకుంది. ఏడాది తిరిగేసరికి డ్రైవరు మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

కొత్త రకానికి అంతర్జాతీయ జాబితాలో నంబరు వచ్చింది. అప్పుడు పెద్ద డాక్టరుకు అదంతా తన కష్టమేనని గుర్తొచ్చింది. వ్యాసం మీద మొదటి పేరు ఆయనదే. ఆవిడకు దక్కింది అట్టడుగున 'సిబ్బందికి కృతజ్ఞతలు'.

ఆ వ్యాసం గురించి మాట్లాడ్డానికి వెళ్లిన సదస్సులో ఆయన్ని ఎవరో అడిగారట, మారిన అక్షరం ఏదని. విరామంలో ఆయన గొంతు తగ్గించి ఫోన్ చేశాడు. అనుమానాలక్క చెప్పింది. రాసుకున్నానన్నాడు. చదివి వినిపించమంది. తప్పు రాసుకున్నాడు. ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు మళ్లీ చెప్పి, ఆయన థాంక్స్ అనేలోపే ఫోన్ పెట్టేసి, తర్వాతి రక్తం గొట్టం చేతిలోకి తీసుకుంది.